పులింటి అల్లుడి వేట

వంతల సుక్రుకి రెండు గొప్పలు. ఒకటి, బుద్ధెరిగాక ఒక్క రోజు కూడా మంచాన పడి ఎరగడు. రెండోది, పెళ్ళాం జబ్బు గురించి అతను చెప్పినట్టు డుంబ్రిగుడ సంతలో ఇంకెవరూ చెప్పలేరు. అల్లం గంపల దగ్గర మొదలెట్టి ఎండుచేపల వరస దాకా కనబడినవాడినల్లా నిలబెట్టి, సోములమ్మ పేగులోంచి డాక్టర్లు తీసిన గడ్డ ఎంత ఉందో చేతులతో చూపించేవాడు. ఆపరేషన్ అయిన కొత్తలో అది ఉసిరికాయంత ఉండేది. దీపావళి వెళ్ళేసరికి నారింజపండంత అయింది. మాఘమాసానికి అతనికి రెండు చేతులూ చాలక గుమ్మడికాయ దగ్గర ఆగింది.

"కడుపులోంచి తీసీసినా సంతలో పెరిగిపోతంది బావా నా గడ్డ," అనేది సోములమ్మ. "ఇలగే వదిలీసినావంటే దానికీ ఒక రేషన్ కార్డు రాయించాల."

నవ్వితే కుట్లు లాగేవి. అయినా నవ్వేది. ఆ కుట్లు వేసిన డాక్టరు వచ్చి బతిమాలినా ఆమె నవ్వడం మానేది కాదు.

సుక్రు ఆమెకి పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. సొంత మేనమామ కొడుకు. బావామరదళ్ళు ఒకరినొకరు ఏడిపించుకోవడానికి ఆ కొండల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏడిపించుకోకపోతేనే ఇంట్లో ఏం గొడవ జరిగిందోనని ఇరుగుపొరుగు ఆరా తీస్తారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా వాళ్ళిద్దరికీ కాలక్షేపం అదే. పొద్దున్న చోడి అంబలి ముంతల దగ్గర మొదలైతే పొయ్యి ఆర్పేదాకా సాగేది.

ఆమె పుట్టింటి పేరు కిల్లో. కిల్లో అంటే పులి. అత్తింటి పేరు వంతల. అంటే పాము. సోములమ్మకి జబ్బు చేసినప్పటి నుంచి సుక్రు ఈ ఒక్క ముక్క మీదే బతికేవాడు.

"పులింటోల్ల కడుపులు ఇంతేనే. పైకి గాండ్రింపు, లోన డొల్ల. మా పామింటోలం సూడు, రాయి మింగినా అరిగించుకుంటాం."

"అవునవును. మీ పామింటోల్ల ఏట కూడా సూసినాం కదా," అనేది ఆమె.

ఆ మాటతో సుక్రు నోరు మూతపడేది. దానికో కథ ఉంది. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు ఊరి మొదట్లో కాపు కాస్తారు. వేట తెచ్చినవాడికి పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతారు. ఉత్త చేతులతో వచ్చినవాడికి పేడనీళ్ళతో స్నానం చేయిస్తారు. పెళ్ళయిన కొత్తలో ఒక పండక్కి సుక్రు అడవికోడిని కొట్టానంటూ రొమ్ము విరుచుకుని వచ్చాడు. సోములమ్మ కాళ్ళు కడిగింది. కోడిని చేతిలోకి తీసుకుని చూస్తే దాని కాలికి ఎర్ర గుడ్డపీలిక. అది పిల్లగా ఉన్నప్పుడు తన చేత్తో తనే కట్టిన గుర్తు. దారి తప్పి తుప్పల్లోకి పోయిన సొంత ఇంటి కోడిని కొట్టుకొచ్చాడు మహావేటగాడు. ఆ రోజు పసుపునీళ్ళ మీద పేడనీళ్ళు కూడా పడ్డాయి. అప్పటి నుంచి ఈ రెండువేల అయిదో సంవత్సరం దాకా ఆ కోడి ఆ ఇంట్లో చావలేదు.

సోములమ్మ మాత్రం ఈ మధ్య ఒక సంగతి గమనించింది. దాని మీద వేళాకోళం ఆడలేదు. సుక్రు మొలతాడు వదులైతే ముడేసి బిగించుకున్నాడు. చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్ళడం ఎక్కువైంది. అడిగితే నెపం జీలుగు కల్లు మీదకి తోసేశాడు. ఆపరేషన్‌కి ముందు తనూ అలాగే వెదురుకొమ్ముల కూర మీదకి తోసేసింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. వెంటనే సర్దుకునేది. పులింటి జబ్బు పామింటి మనిషికి ఎలా వస్తుంది?

ఫాల్గుణంలో విశాఖపట్నం ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ మాధవి వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఆవిడ సన్నగా, కళ్ళద్దాలతో, ఎప్పుడూ అన్నం తినడం మర్చిపోయినట్టు ఉండేది. సోములమ్మకి ఆవిడంటే జాలి.

"మీ గడ్డ ముక్కని ఇంకో రకంగా కూడా పరీక్ష చేయించామమ్మా," అంది మాధవి. "ఒంట్లో కణాలు పాతవి పోతూ, వాటిని చూసి కొత్తవి తయారవుతూ ఉంటాయి. అలా తయారయ్యేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల్ని దిద్దే ఏర్పాటు అందరికీ ఉంటుంది. మీకు పుట్టుకతోనే అది సరిగా లేదు. అందుకే ఇంత చిన్న వయసులో పేగుకి గడ్డ వచ్చింది."

"అయితే పోతానేటమ్మా?"

"అసలు సంగతి వినండి. మీ గడ్డకి కూడా ఒళ్ళంతా తప్పులే. వేషం సరిగ్గా వేసుకోవడం రాని దొంగ లాంటిది. ఒంట్లో కాపలా కాసేవాళ్ళు దాన్ని చూడగానే పోల్చుకుని మీద పడతారు. అందుకని ఇలాంటి గడ్డ వచ్చి తీయించుకున్నవాళ్ళు, మామూలు గడ్డ వచ్చినవాళ్ళ కంటే ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు. అందరూ అని నేను చెప్పను. కానీ మీకు మంచి అవకాశమే ఉంది."

సోములమ్మ తలాడించింది. "జబ్బు పెట్టిందీ పుట్టుకే, దాన్ని కాసుకునేదీ పుట్టుకే. ఒక సేత్తో గిల్లి ఒక సేత్తో జోకొట్టినట్టు."

మాధవి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, అసలు పని చెప్పింది. ఈ లోపం సోములమ్మ ఒక్కదానితో పోదు, రక్తసంబంధీకుల్లో ఇంకా కొందరికి ఉండి ఉంటుంది. వాళ్ళకి రక్తం పరీక్ష చేసి, కెమెరా ఉన్న గొట్టంతో పేగు చూస్తే, గడ్డ మొగ్గగా ఉన్నప్పుడే తుంచేయొచ్చు. ఆలస్యం అయితే గొడవే.

"మీ రక్తం పంచుకున్నవాళ్ళందరినీ ఒకసారి తీసుకురండి," అంది.

"అదంతా నాకొదిలీండమ్మా," అన్నాడు సుక్రు గుండె మీద చెయ్యేసుకుని. "పులింటోల్లు ఒక్కడు మిగలకుండా తెత్తాను."

పట్నంలో అయితే ఆ మాటకి నలుగురో అయిదుగురో వస్తారు. కొండల్లో లెక్క వేరు. ఇంటిపేరు కిల్లో అయితే చాలు, కొయ్యూరు అడవిలో ఉన్నా అన్నే, బొర్రా స్టేషన్లో జామకాయలు అమ్ముకుంటున్నా చెల్లెలే. వాళ్ళలో వాళ్ళు పెళ్ళి చేసుకోవడం మాట అటుంచి, పెళ్ళిచూపు చూసినా తప్పు. కిల్లో పిల్ల పెళ్ళయి వేరే ఇంటికి పోయినా ఆమె పులి ఆమె వెంటే ఉంటుంది. ఆమెకి కష్టమంటే పులింటివాళ్ళందరూ కదలాలి. తల్లి వైపు సంగతి ఎవరూ ఎత్తరు. అటువైపు వాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు. పండక్కి, పరాచికానికి పనికొస్తారు తప్ప నెత్తురు లెక్కలోకి రారు.

కాబట్టి సుక్రు పులింటివాళ్ళందరికీ కబురు పెడితే ఆ కొండల్లో ఎవరికీ తప్పు కనబడలేదు. ఇటుకల పండగ ఇంకో నాలుగు రోజులుందనగా కిల్లో భీముడు కమాండర్ జీపు మాట్లాడుకుని వచ్చాడు. భీముడు పులింటి పెద్ద. బొడ్డు దాకా గడ్డం, దానికి తగ్గ గొంతు. జీపు లోపల పులింటివాళ్ళు, పైన పులింటివాళ్ళు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ పులింటివాళ్ళు. సోములమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. అందులో సగం మందిని ఆమె అదే మొదటిసారి చూడటం. అయినా ఒక్కొక్కడూ వచ్చి "ఏటి సెల్లీ, ఎలగున్నావు?" అని పలకరిస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఇంతమంది ఉన్నారని జబ్బు చేసేదాకా తెలియలేదు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో మూడు పులులు కక్కుకున్నాయి. సుక్రు ఒక్కొక్కరికీ నీళ్ళు తాగిస్తూ, "కడుపులు, కడుపులు! నాను సెప్పనేదా?" అని దారి పొడుగునా పండగ చేసుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో ఆ జనాన్ని చూసి డాక్టర్ మాధవి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"వీళ్ళందరూ మీ అన్నదమ్ములా?"

"అవునమ్మా," అన్నాడు భీముడు ఆమె తరఫున.

"ఒకే తల్లి పిల్లలా?"

"తల్లులు వేరమ్మా. తండ్రులు కూడా వేరే. తాతలు కూడా..." భీముడు గడ్డం నిమురుకున్నాడు. "పులి ఒక్కటే."

మాధవికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ కోప్పడలేదు. అంతదూరం వచ్చినవాళ్ళని కోప్పడటానికి ఆవిడకి మనసు రాలేదు. భీముణ్ణీ సోములమ్మనీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"మీ ఇంట్లో ఇలా కడుపు జబ్బుతో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పెద్దాయనా?"

భీముడికి పౌరుషం వచ్చింది. "మా పులింట్లోనా? కడుపుజబ్బా? మావోల్లు జీలుగు సెట్టు మీంచి పడి సచ్చినారు గానీ కడుపునొప్పితో ఒక్కడు సావనేదమ్మా. సెల్లి తండ్రి కూడా ఎనభయ్యేల్లు బతికి, సెట్టెక్కే పోనాడు."

"మరి తల్లి?"

ఆ ప్రశ్న సోములమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "మా అమ్మ పామింటి పిల్ల," అంది మెల్లిగా. "కడుపు ఉబ్బి, చిక్కి సగమై పోయింది. నాకు అప్పుడు పెళ్ళి కూడా కానేదు. ఎవులో చిల్లంగి పెట్టినారని ఊరోల్లు అనుకున్నారు."

"ఆవిడకి తోబుట్టువులు?"

"ఒక్కడే తమ్ముడు. మా మావ." సోములమ్మ వరండా వైపు చూసింది. "మా పెళ్ళికి ముందే ఆయన కూడా అలగే పోయినాడు. దేవతకి మొక్కు తీర్చనేదని కడుపు పట్టుకుందన్నారు."

"ఆయనకి పిల్లలున్నారా?"

గది తలుపు తెరిచే ఉంది. వరండాలో సుక్రు ఆనప బుర్ర వంచి, బావమరుదులకి అంబలి పోస్తున్నాడు. చేతులు చాపి ఎవరికో గుమ్మడికాయ చూపిస్తున్నాడు.

"ఒక్కడే కొడుకు," అంది సోములమ్మ. "అడుగోనమ్మా. ఆ బుర్ర పట్టుకున్నోడు. మా బావ."

సోములమ్మకి మొలతాడు ముడి కళ్ళ ముందు మెదిలింది. పులి పులి అంటూ కొండలన్నీ గాలించి జీపులో వేసుకొచ్చిన మనిషి, రోజూ పక్కనే కూర్చుని అంబలి తాగుతున్నవాడే. తల్లి పెట్టిన నెత్తురు తనలో ఉన్నప్పుడు మామ పెట్టిన నెత్తురు అతనిలో ఉండదా? ఇంత చిన్న సంగతి తట్టనందుకు ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"భయపడకండి," అంది మాధవి. "బొమ్మా బొరుసూ లాంటిది. ఆయనకి వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. రక్తం తీసుకుని, రేపు పొద్దున్నే కెమెరాతో చూద్దాం. ఉన్నా, ఇప్పుడే దొరికితే తీసేయడం సులువు."

భీముడు వరండాలోకి వెళ్ళి, కొండ మీద కేకేసినట్టు సంగతి చెప్పాడు. అంతే, పులింటివాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. బావని ఏడిపించే హక్కు బావమరుదులకి పుట్టుకతో వస్తుంది, ఇలాంటి అవకాశం మాత్రం రోజూ రాదు.

"ఏటి బావా, రాయి మింగినా అరిగించుకుంటావంట? సూది అరగదేటి?"

"అరవకు బావా, సెయ్యి నాను పట్టుకుంటాను."

"ముందు మాకు తీయండమ్మా నెత్తురు. మా బావ సూసి నేర్సుకుంటాడు."

మీకు అక్కర్లేదని నర్సు ఎంత చెప్పినా వినకుండా పులులన్నీ చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డాయి. ఆ గోల సద్దుమణిగి చూసేసరికి బల్ల మీద ఆనప బుర్ర ఉంది. సుక్రు లేడు.

బాత్రూముల్లో వెతికారు, టీ కొట్లో వెతికారు, గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగారు. బస్సుల వైపు పరిగెత్తాడన్నాడు వాచ్‌మన్. సోములమ్మ బల్ల మీద కూర్చుని బుర్రని ఒళ్ళో పెట్టుకుంది. ఏ ఆటకైనా ముందుండే మనిషి పారిపోయాడంటే భయం ఎంత లోతున ఉందో ఆమెకి తెలిసింది. తనకి ఆపరేషన్ అన్న రోజు కూడా ఆమె ఇంత భయపడలేదు.

సాయంత్రం జీపు తిరిగి ఘాట్ ఎక్కింది. సుక్రు ఇంటికి రాలేదు. బస్సుల వైపు పరిగెత్తినా, మర్నాడు కిరండోల్ పాసింజర్ రైల్లోనే వస్తాడని సోములమ్మ లెక్కేసింది. గాలాడే జీపులో ఏమీ కాదు గానీ, అతనికి బస్సులో కడుపు తిప్పుతుంది. ఆ సంగతి పులింటివాళ్ళకి తెలియకుండా ఇన్నేళ్ళు కాపాడింది ఆమే.

పొద్దున్నే తమ ఊరు లింబగుడ ఆడవాళ్ళని పోగేసింది. పండగ ఇంకా రాలేదు కదా అని పక్కింటి యర్రమ్మ నసిగింది. "మా ఇంట్లో బేగి వచ్చీసింది," అని సోములమ్మ కుండలో పేడ కలిపింది.

మధ్యాహ్నం అరకు వైపు నుంచి కాలిబాటన సుక్రు వచ్చాడు. తల దించుకుని నడుస్తున్నాడు. ఊరి మొదట్లో ఆడవాళ్ళ వరస చూసి ఆగిపోయాడు.

"ఏటి తెచ్చినావు బావా?" అడిగింది సోములమ్మ.

"ఏటి తేవాల? నాను ఏటకెల్లినానేటి?"

"జీపెక్కి, పులుల్ని ఎంటేసుకుని, విల్లంబులు నేకపోయినా గొప్పలు మోసుకుని ఎల్లినావు. ఉత్త సేతులతో వచ్చినావు. దీన్నేటంటారో వీల్లనడుగు."

కుండ మొత్తం నెత్తిన పడింది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. సుక్రు మాత్రం మామూలుగా తిట్టలేదు, పరిగెత్తలేదు. పేడ కారుతున్న మొహంతో అలాగే నిలబడ్డాడు. చూసిన యర్రమ్మ నవ్వు ఆపి, మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

సోములమ్మ అతన్ని ఊరి పక్కన పారే గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళి తలమీద నీళ్ళు పోసింది. రెండు చెంబులు పోశాక అతను నోరు విప్పాడు.

"సెంబట్టుకుని ఎల్లినప్పుడు నెత్తురు కూడా సూసినానే. రెండు మూడు సార్లు. తింటే ఎల్లాల కదా అని తిండి తగ్గించీసినాను."

"నాకెందుకు సెప్పనేదు?"

"మా అయ్య సచ్చినప్పుడు పక్కనున్నది నాను. నువ్వు సూడనేదు. అరిసినాడే, మూడు నెల్లు అరిసినాడు. పులింటి జబ్బు, పులింటి జబ్బు అని సంతంతా తిరిగి ఎందుకు సెప్పినాననుకున్నావు? గట్టిగా అంటే మనింటిది కాకుండా పోతాదేమోనని." అతను ఆమె వైపు తిరిగాడు. "తెలవకపోతే జబ్బు నేనట్టే కదా సోములూ?"

సోములమ్మ చెంబు కింద పెట్టేసింది. ఆమెకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆపరేషన్ బల్ల మీద నానేటనుకున్నానో తెల్సా? నాను పోతే బావ ఉంటాడు, నన్ను తలుసుకుని సంతలో నవ్విత్తాడు అనుకున్నాను. దానికే భయం తీరింది. ఇప్పుడు నువ్వు పోతే నానెవుల్ని ఏడిపించాల? పులింటోల్లు జీపుడు మంది ఉన్నారు గానీ బావ ఒక్కడే కదా నాకు. మీ అయ్యకీ మా అమ్మకీ సెప్పినోల్లు నేరు, సూసినోల్లు నేరు. మనకి డాక్టరమ్మ ఉంది. ఎల్లు బావా. భయపడుతూనే ఎల్లు."

సుక్రు వంగి మొహం కడుక్కున్నాడు. తర్వాత ముక్కు చీది, "సరే. ఏటన్నావు కదా. ఏటకే ఎల్తాను," అన్నాడు. "కానీ నువ్వు రాకూడదు. ఏటకి ఆడోల్లు రారు."

వేట అని సోములమ్మ అన్న మాట తిరిగొచ్చి ఆమెకే అడ్డం పడింది. వస్తానని ఆమె ఎంత మొత్తుకున్నా అతను వినలేదు. నువ్వు చూస్తుంటే ఏడ్చేస్తానన్నాడు. ఆ మాటతో ఆమె ఊరుకుంది.

పండగ మొదలైన రోజున ఊళ్ళో మగవాళ్ళు అడవిదారి పట్టారు. సుక్రు భీముడితో జీపెక్కాడు. ఆ తర్వాత సోములమ్మ చేసిన పని ఏమీ లేదు. పొయ్యి మీద పెట్టింది మాడింది, తాగుదామని పోసుకున్నది పులిసింది. ఊరంతా డప్పులు మోగుతుంటే ఆమెకి ఒక్క జీపు చప్పుడు తప్ప ఏదీ వినబడలేదు. ఆ చప్పుడే రాలేదు. కెమెరాలో పెద్దదేదైనా కనబడిందా? అక్కడే కోసేస్తున్నారా? మూడు నెలలు అరిచిన మామ, తను చూడని ఆ మామ, ఇప్పుడు చెవుల్లో అరుస్తున్నాడు. వెళ్ళమని తరిమింది తనే కదా అనుకుని వణికింది. వెళ్ళకపోతే ఏమయ్యేదో తలుచుకుని ఇంకా వణికింది.

మర్నాడు అడవికి పోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఈ రోజుల్లో అడవిలో ఏముంది, ఒక ఉడత దొరికితే గొప్ప. చాలామందికి పేడనీళ్ళే గతి అయ్యాయి. ఆడవాళ్ళు అలిసిపోయి ఇళ్ళకి పోయినా సోములమ్మ మాత్రం ఊరి మొదట్లో రెండు కుండలు పెట్టుకుని కూర్చుంది. ఒకదాంట్లో పేడనీళ్ళు. ఇంకోదాంట్లో పసుపు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. ముందు భీముడు దిగాడు. అతని మొహంలోకి చూడటానికి ఆమెకి ధైర్యం చాలలేదు. తర్వాత సుక్రు దిగాడు. బుగ్గలు పీక్కుపోయి, నీరసంగా, కానీ రొమ్ము విరుచుకుని. సరిగ్గా ఆ కోడి తెచ్చిన రోజున వచ్చినట్టు వచ్చాడు.

"ఏటి తెచ్చినావు బావా?" అంది.

సుక్రు చొక్కా లోపల నుంచి ఒక ఫోటో తీశాడు. ఆసుపత్రి యంత్రం తీసిన రంగుల ఫోటో. ఎర్రటి పేగు గోడ మీద పుట్టగొడుగు లాంటిదొకటి తలెత్తుకుని నిలబడి ఉంది.

"కొట్టీసినాను," అన్నాడు.

"నువ్వు కొట్టనేదు, తీగ పెట్టి డాక్టరమ్మ తెంపీసింది," అన్నాడు భీముడు. "కోత నేదు, కుట్టు నేదు. ఒక్క ఏడాది ఆగుంటే నీ గడ్డకి తోడయ్యేదంట సెల్లీ. నెత్తురు పరీక్ష సంగతి ఇంకా రావాల గానీ, ఈయనకీ అదే పుట్టుకని డాక్టరమ్మకి అనుమానం నేదు. ఏడాదికోసారి ఎల్లి సూపించుకోవాల, అంతే. ఇంక ముందురోజు ఆ విరోచనాల నీల్లు తాగి మీ బావ పరుగులు సూసుంటే కదా! పామింటోడు కాదు, గుర్రమింటోడు."

సోములమ్మకి ఆ మాటలు సగమే చెవిన పడ్డాయి. ఫోటోని ఆమె కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంతేనా? దీనికేనా ఇంత పెద్ద ఏట? సరిగ్గా సూసుకున్నావా బావా, మల్లీ మన ఇంటి కోడినే కొట్టుకొచ్చినావా?"

సుక్రు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఫోటోలో ఆ ఎర్రటి గోడ మీద వేలు పెట్టాడు.

"మన ఇంటి కోడేనే సోములూ," అన్నాడు. "మా అయ్య పెంచినాడు. మీ అమ్మ పెంచింది. అప్పుడు మనకి తెలవక వదిలీసినాం."

సోములమ్మ పసుపు కుండ అందుకుంది. కాళ్ళు కడగడానికి వంగిన మనిషి, ఆ కాళ్ళని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. కుండ పక్కకి దొర్లి పసుపునీళ్ళన్నీ భీముడి కాళ్ళ మీదుగా పారాయి. ఏ వేటా చెయ్యని నాకెందుకమ్మా ఈ మర్యాద అన్నాడు భీముడు. అతని గడ్డం కూడా తడిసే ఉంది.